రెండు చుక్కల నిమ్మగడ్డి తైలం

మొన్న పొద్దున ఎమ్మిగనూరు నుంచి మేనల్లుడు ఫోన్ చేసి, "అత్తా, అమ్మ నిద్దర్లోనే పోయినాది" అన్నాడు. మా అన్న భార్య, మా వదిన. ఎనభై దాటిన మనిషి, ఎవరిచేతా ఒక్క పూట చాకిరీ చేయించుకోకుండా వెళ్లిపోయింది. ఏడ్చాను, తర్వాత కాఫీ తాగాను. ఆమె ఉంటే కాఫీ ముందు తాగమనేది.

ఆదోని బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పాను. వదిన చదువు ఐదో తరగతి. అయినా నిమ్మగడ్డి తైలం దగ్గర పంతులమ్మ ఆమే. సీసా నేను ఆదోని నుంచి తీసుకెళ్లేదాన్ని. మూత తీసే అధికారం మాత్రం నాకు లేదు. చెంచాడు నువ్వులనూనెకు రెండు చుక్కలు. కొత్తవాళ్లకైతే ముందు మోచేతి లోపల కాస్త రాసి, మర్నాటి దాకా చూసేది.

"నాలుగేస్తే నొప్పి తొందరగా తగ్గదా వదినా?"

"నీకు లెక్కలు సెప్పే పని ఇయ్యల్యా, పిల్లోళ్లు బతికిపోయినారు."

ఒకసారి ఆమె చూడకుండా ఉత్త తైలమే మోకాలికి పట్టించాను. చర్మం ఎర్రబడి భగ్గుమంది. వదిన నువ్వులనూనెతో తుడిచి, సబ్బుతో కడిగి, మంట తగ్గేదాకా నవ్వలేదు. తగ్గాక వారం రోజులు నవ్వింది.

వానాకాలంలో, ఆమె కాళ్లు దించి కూర్చుని చీరలు నేసే మగ్గం గుంటలో దోమలు చేరితే, నేల తుడిచే నీళ్లలో అదే తైలం కలిపేది. "దోమలు సస్తాయా అత్తా?" అని కోడలు అడిగితే, "సావవు. పక్కింటికి పోతాయి" అంది. ఇంత నిజాయితీ నేను ఏ తైలం ప్రకటనలోనూ చూడలేదు. ఒంటి నొప్పి గురించీ అంతే: "నొప్పి యాడికీ పోదమ్మే. ఆ వాసనకూ, రుద్దే సేతికీ మనమే దాన్ని కాసేపు మర్సిపోతాం."

పోయినేడు మనవరాలి పెళ్లిచీర సగం నేసేసరికి ఆమె కుడిభుజం మొరాయించింది. డాక్టరు మగ్గం మానమన్నాడు. మిగతాది తాను నేస్తానన్నాడు కొడుకు. వదిన ఒప్పుకోలేదు. పోగును బిగించడానికి వేసే దెబ్బ ఒక్కో చేతిది ఒక్కో తీరు. నడుమ చేయి మారితే గుడ్డలో గీత తేలుతుంది. తన భుజం నీరసించినా అదే గీత. ఆమె భయమంతా ఆ గీతే.

ఆ రోజుల్లో నేను అక్కడే ఉండి సాయంత్రాలు భుజం రుద్దాను. మగ్గం మీంచి లేచాకే తైలం, తైలం ముట్టాక మగ్గం ముట్టరాదు. మగ్గమింట్లో పుట్టిన నేనే, ఒకరోజు జిడ్డు చేత్తో వెళ్లి అంచు తడిమి చూశాను. మూడు వేళ్లు అచ్చు పడ్డాయి.

వదిన వంగి చూసింది. "ఏమ్మే, నేసేది నేను, సంతకం నీదా?"

పౌడరు చల్లి జిడ్డు పీల్పించి, మర్నాడు మళ్లీ గుంటలోకి దిగింది. రోజుకు జానెడు, ఒక్కోరోజు అదీ లేదు. పెళ్లికి మూడు రోజుల ముందు చీర పూర్తయింది.

పెళ్లిలో అందరూ అక్షింతలు వేస్తుంటే, ఆమె పెళ్లికూతురి కొంగు పట్టుకుని కిటికీ వైపు తిప్పింది.

"అవ్వా, అందరూ సూస్తాండారు!" అని గొణిగింది ఆ పిల్ల.

"సూడనీలే. గీత యాడన్నా కనపడితే సెప్పమను."

నేనూ కళ్లజోడు పెట్టుకుని వెతికాను. ఎక్కడా లేదు. నా మాట ఆమె నమ్మలేదు. ఎండకు ఎదురుగా ఎత్తిన గుడ్డ మీద వేలు మెల్లగా జరుపుతూ కొసదాకా వెళ్లి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.