తాయీద్ బుచ్చిరాములు

మా కరీంనగరం వకీలు బుచ్చిరాములుకు ఒక్కటే జబ్బు. ఎవరు ఏమన్నా బలపరిచేవాడు. ఆ మాట మంచిదా చెడ్డదా, తనకు లాభమా నష్టమా అని చూసేవాడు కాదు. ఎదుటివాడి నోట్లోంచి మాట పూర్తిగా బయట పడకముందే కుడిచెయ్యి పైకెత్తి "తాయీద్!" అనేవాడు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి కనుక బలపరచడాన్ని ఆ మాటతోనే చెప్పేవాడు. ఊళ్లో వకీలు బుచ్చిరాములు ఇల్లెక్కడ అంటే బుర్ర గోక్కునేవాళ్లు. తాయీద్ బుచ్చిరాములు అంటే మాత్రం రిక్షావాడు మారు మాట్లాడకుండా తీసుకుపోయి గుమ్మం ముందు దింపేవాడు.

మాది వాళ్ల పక్కిల్లు కావడంతో ఆ ఇంటి కష్టాలు నాకు గోడ మీంచి వినపడేవి. ఆయన భార్య అనసూర్య పొద్దున్నే "ఇయ్యాల వంకాయ వండుత" అనేది. "తాయీద్!" పెద్దపిల్ల "వంకాయ వద్దు బాపూ, ఆలుగడ్డ" అనేది. "తాయీద్!" చిన్నవాడు "రెండూ వద్దు, బజార్ల మిర్చీలు తెచ్చుకుందం" అనేవాడు. "తాయీద్!" అందరి మాటా నెగ్గి, ఆ పూట అందరూ పచ్చిపులుసుతో తినేవాళ్లు.

"తమ్మీ, గీ మనిషితోని పరేషానైతున్న" అని ఒకసారి అనసూర్య నాతో మొరపెట్టుకుంది. "మా అవ్వగారింటికి పోతనంటే గూడ తాయీద్ అన్నడు."

"మరి పోయినవా వదినా?"

"ఏడ పోత? పోవద్దని మా అత్త అంటే దానిగ్గూడ తాయీద్ అనె!"

కోర్టులోనైనా ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడేమో అనుకుంటే అదీ లేదు. ఖానాపూర్ నుంచి ఒక రైతు భూమి తగాదా తెచ్చి ఈయన చేతిలో పెట్టాడు. అవతలి వకీలు లేచి వాయిదా అడిగాడు. మన వకీలు చెయ్యెత్తాడు. జడ్జీగారు చిరునవ్వుతో వాయిదా వేశారు. బయటికి రాగానే రైతు ఆయన నల్లకోటు పట్టుకున్నాడు.

"వకీల్ సాబ్, నువ్వు నా దిక్కా, గా దిక్కా?"

"నీ దిక్కే. కని గాయిన ఒక్కడే నిలబడి అడుగుతుండు కద, పాపం. ఎవ్వలూ పలకకుంటే ఎట్ల?"

ఇలాంటి మనిషిని యూనివర్సిటీ సెనేటులోకి పంపితే ఏమవుతుందో చూసే భాగ్యం నాకు దక్కింది. అప్పటికి నేను హైదరాబాదులో యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాను. సెనేటు కూర్చున్నప్పుడు ఓ మూల బల్ల దగ్గర కూర్చుని, ఎవరేమన్నారో రాసుకోవడం నా పని. సభ ఇంగ్లీషులో నడవాలని నియమం. ఫాను తిరగడం ఆగగానే తెలుగూ ఉర్దూ వచ్చేసేవి. నేను మాత్రం అన్నిటినీ ఇంగ్లీషులోనే రాయాలి.

యూనివర్సిటీ పాలన అంటే భయపడాల్సిందేమీ లేదు, అదీ ఒక కాపురమే. సిండికేటు వంట చేస్తుంది. అకడమిక్ కౌన్సిల్ ఉప్పు చూస్తుంది. సెనేటు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి, భోంచేసి, కూర బాగోలేదంటుంది. అయితే ఆ మాటైనా ఊరికే అనడానికి వీల్లేదు. ఒకరు తీర్మానం పెట్టాలి, ఇంకొకరు లేచి బలపరచాలి. బలపరిచేవాడు లేకపోతే ఆ తీర్మానం మీద చర్చ ఉండదు, ఓటు ఉండదు, పెట్టినవాడు గొంతు సవరించుకుని కూర్చోవాల్సిందే.

సెనేటులో పట్టభద్రులకు కొన్ని సీట్లుండేవి. అరవై మూడులోనో అరవై నాలుగులోనో మా వైపు సీటుకు బుచ్చిరాములు నిలబడ్డాడు. పోటీగా జమ్మికుంట పత్తి వ్యాపారి రాజలింగు. ఈయనా బి.ఏ.నే. నామినేషన్ ఆఖరి రోజున రాజలింగు ఆఫీసుకు వచ్చాడు గానీ, ఆయన్ని బలపరుస్తూ సంతకం పెట్టాల్సిన మనిషి బస్సు తప్పాడు. గడువు ముగిసిపోతోంది. రాజలింగు చెమటలు తుడుచుకుంటున్నాడు.

పక్కనే తన కాగితం ఇచ్చి వెళ్లబోతున్న బుచ్చిరాములు ఆగాడు. "ఏమైంది రాజలింగూ?"

"బలపరిచేటోడు రాలే."

"గంతేనా? ఇటు తే." జేబులోంచి కలం తీసి, తన మీద పోటీ చేసేవాణ్ని తానే బలపరుస్తూ సంతకం పెట్టేశాడు.

రిజిస్ట్రారుగారు నియమాల పుస్తకం తిరగేశారు. ప్రత్యర్థిని బలపరచకూడదని అందులో ఎక్కడా లేదు. అలాంటివాడు ఒకడు పుడతాడని ఆ పుస్తకం రాసినవాళ్లకు తట్టలేదు. ఎన్నికలో బుచ్చిరాములే గెలిచాడు. రాజలింగు ఆ అవమానం మరిచిపోలేదు. "ఓడగొట్టినోడు ఉత్తగ ఓడగొట్టక, తాయీద్ చేసి మరీ ఓడగొట్టిండు" అని ఊరంతా చెప్పుకున్నాడు. మరుసటి ఏడు యూనివర్సిటీకి విరాళమిచ్చి, దాతల సీటులో తనూ సెనేటుకు వచ్చి ఎదుటి వరసలో కూర్చున్నాడు.

సెనేటులో మనవాడి చెయ్యి కిందికి దిగేది కాదు. చదువు ఇంగ్లీషులోనే ఉండాలని ఒకరు తీర్మానం పెడితే తాయీద్. తెలుగులోకి మార్చాలని ఇంకొకరు పెడితే దానికీ తాయీద్. వైస్ ఛాన్సలర్‌గారు కళ్లద్దాలు తీసి చూశారు.

"బుచ్చిరాములు గారూ, మీరు రెంటినీ బలపరిచారు. ఏది ఉండాలంటారు?"

"తెలుగే సార్. ఇంగ్లీషు దానికి నేను ఓటెయ్య."

"మరి ఎందుకు బలపరిచారు?"

"తాయీద్ వేరు, ఓటు వేరు సార్. ముందైతే విందాం."

దాంతో సభ ఎప్పుడూ ఆలస్యమయ్యేది. ఎవరి తీర్మానమూ రాలిపోదు, ప్రతిదానికీ చర్చ, మధ్యాహ్నం భోజనం సాయంత్రం టిఫినుతో కలిసిపోయేది. చివరికి రాజలింగు లేచి ఒక తీర్మానం పెట్టాడు. ఒక సమావేశంలో ఒక సభ్యుడు ఒక్క తీర్మానాన్ని మాత్రమే బలపరచాలి. అది ఎవరిని ఉద్దేశించిందో అందరికీ తెలుసు. అందరికీ ఇష్టమే. కానీ ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా లేవడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. రాజలింగు అటు చూశాడు, ఇటు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"బలపరిచేవారు లేరా?" అన్నారు వైస్ ఛాన్సలర్.

"తాయీద్!"

ఎవరన్నారో వేరే చెప్పక్కర్లేదు. సభ పగలబడి నవ్వింది. ఓటు దగ్గర ఆయనొక్కడే వ్యతిరేకంగా చెయ్యెత్తాడు, తీర్మానం నెగ్గింది. తన కాళ్లు తానే కట్టేసుకున్న మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాతి సమావేశానికి ముందు ఒక ఆదివారం నేను కరీంనగరంలో ఉన్నాను. బుచ్చిరాములు ఇంటికి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకరు భైంసా ఆడపిల్లల బడి పెద్ద పంతులమ్మ తారాబాయి. కొత్తగా సెనేటుకు ఎన్నికయ్యారు. రెండో ఆమె సత్తవ్వ, ఒకప్పుడు తారాబాయి దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు బెల్లంపల్లి బొగ్గుగనుల కాలనీ బడిలో పంతులమ్మ. చంకలో పాలు తాగే పాప.

సత్తవ్వ ప్రైవేటుగా బి.ఏ. చదువుతోంది. ఆడవాళ్లకు ప్రైవేటు పరీక్ష సెంటరు హైదరాబాదులో ఒక్కటే. పరీక్షలన్నాళ్లూ చంటిపిల్లతో అక్కడ ఉండటానికి చోటు లేక పోయినేడు మానేసింది. ఈ ఏడుతో పాత సిలబస్ అయిపోతుంది. ఇప్పుడు రాయకపోతే మళ్లీ మొదటినుంచి చదవాలి.

"కరీంనగర్ల సెంటర్ పెడితే మా అవ్వగారిల్లు ఉన్నది సార్" అంది సత్తవ్వ. "మల్ల మొదలువెట్టమంటే మా ఇంట్ల ఒప్పుకోరు. గిదే ఆఖరు."

"తీర్మానం నేను పెడుత వకీల్ సాబ్" అన్నారు తారాబాయి. "సెంటర్లు పెంచితే కాపీలు పెరుగుతయని పెద్దసార్లకు ఇష్టం లేదు. నా ఎనుక ఎవ్వలు లేస్తరు?"

"ఫికర్ చెయ్యకు బాయీ. ఒక్క తాయీదే ఉన్నది నాకు. అది నీకే" అన్నాడు బుచ్చిరాములు.

సమావేశం రోజు వచ్చింది. మధ్యాహ్నం సిండికేటుకు ఎన్నికలు. సిండికేటులోకి పోవాలని ఆశ ఉన్నవాళ్లంతా పొద్దుటినుంచీ వైస్ ఛాన్సలర్‌గారి మొహంలో మబ్బు పట్టకుండా చూసుకుంటున్నారు. తారాబాయి తీర్మానం చివర్న ఉంది.

మొదట లేచింది లక్ష్మీరాజం. బాగా పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరు, ఎన్నో ఏళ్లుగా సెనేటులో ఉండి ఒక్కసారీ నోరు తెరవలేదు. ఆ రోజు కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, సెనేటు హాలు కుర్చీల్లో నల్లులున్నాయని, వాటిని ఎండలో వేయించాలని తీర్మానం పెట్టాడు. వెనకనుంచి కిసుక్కున నవ్వులు. ఎవరూ లేవలేదు. ముసలాయన కాగితం మడతపెట్టడం మొదలుపెట్టాడు.

నేను బుచ్చిరాములు వైపు చూశాను. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని తొడ కింద అదుముకున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను, కళ్లతో బతిమాలాను. ఆయన పెదవి కొరుక్కున్నాడు. లక్ష్మీరాజం కళ్లు దించుకుని కూర్చోబోయాడు.

"తాయీద్!"

అయిపోయింది. ఉన్న ఒక్కటీ నల్లుల పాలైంది. ఆ కుర్చీలోంచి ఆయన్ని లేపి తిట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఆయన మాత్రం తారాబాయి వైపు చూడలేక కోటు గుండీలు తడుముకుంటున్నాడు.

తారాబాయి వంతు వచ్చింది. తీర్మానం చదివారు. వైస్ ఛాన్సలర్‌గారి మొహం ముడుచుకుంది. "బలపరిచేవారు?"

ఒకాయన పైకప్పు చూశాడు. ఒకాయన చెప్పులు వెతుక్కున్నాడు. తారాబాయి నిలబడే ఉన్నారు, కొంగు కొస వేలికి చుట్టుకుంటూ.

బుచ్చిరాములు లేచాడు.

"మీరు ఇందాకే ఒకటి బలపరిచారు" అన్నారు వైస్ ఛాన్సలర్.

"అవును సార్. నేను తాయీద్ చేస్తలేను. ఉత్తగ నిలబడ్డ."

"ఎందుకు?"

"ఒక్కలే నిలబడితే నా మోకాళ్లు ఊకోవు సార్. ఆమె కూసున్నంక కూసుంట."

"ఇది సభ, బుచ్చిరాములు గారూ!"

"నిలబడద్దని రూల్ లేదు కద సార్."

రిజిస్ట్రారుగారు అలవాటుగా పుస్తకం తీశారు. ఈసారీ లేదు. సభ నవ్వబోయి ఆగిపోయింది. ఆ ఇద్దరూ ఆ హాలుకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు నిలబడి ఉన్నారు. బుచ్చిరాములు ఎవరినీ అడగలేదు, ఎవరి వైపూ వేలు చూపలేదు. ఆ హాలులో ఆయన చెయ్యెత్తి నిలబెట్టని మనిషి లేడు, అందరికీ ఆ సంగతి గుర్తొస్తోందని వాళ్ల మొహాలే చెబుతున్నాయి. ఎవరి కుర్చీలో వాళ్లు అటూ ఇటూ కదిలారు. అది నల్లుల వల్ల మాత్రం కాదు.

ఎదుటి వరసలో కుర్చీ కిర్రుమంది. రాజలింగు.

"కూసో రాములన్నా, కాళ్లు గుంజుతయి" అన్నాడు చిరాగ్గా. వైస్ ఛాన్సలర్ వైపు తిరిగి, "నేను బలపరుస్తున్న సార్. గీ సెంటర్ నాకు ఇష్టం లేదు, ఓటు గూడ ఎయ్య. కని ముందు ఆమె చెప్పేదైతే విందాం" అన్నాడు.

బుచ్చిరాములు కూర్చున్నాడు. నేను ఎన్నడూ చూడనంత సంబరం ఆ మొహంలో.

తారాబాయి మాట్లాడారు. పెద్ద మాటలేమీ లేవు. సత్తవ్వ గురించి చెప్పారు, అలాంటి పంతులమ్మలు మన జిల్లాల్లో ప్రతి తాలూకాలో ఉన్నారన్నారు. కాపీ కొట్టనియ్యకుండా కాపలా తానే కాస్తానన్నారు. ఏడుస్తున్న పిల్లను సత్రం అరుగు మీద ఎవరికి అప్పజెప్పి పరీక్షకు పోవాలో పెద్దలే చెప్పమన్నారు.

ఓట్లు అడిగారు. చేతులు ఒకటొకటిగా లేచాయి. తీర్మానం నెగ్గింది. ఎదుటి వరసలో రాజలింగు చెయ్యి అందరికంటే పైన ఉంది.

వైస్ ఛాన్సలర్‌గారు ఆశ్చర్యపోయారు. "రాజలింగం గారూ, మీరు ఓటు వెయ్యనన్నారే?"

"అది వినకముందు సార్" అన్నాడు రాజలింగు.

వైస్ ఛాన్సలర్‌గారు కళ్లద్దాలు తుడుచుకుని, ఈసారి నవ్వారు. నాకు మాత్రం ఆ మాటను ఇంగ్లీషులోకి ఎలా దించాలో చేతకాలేదు.

ఏప్రిల్లో కరీంనగరంలో పరీక్షలు జరిగాయి. సత్తవ్వ తల్లి నేతపని చేసుకునేది, పగటిపూట మగ్గం వదిలి రాలేకపోయేది కనుక పాప బాధ్యత బుచ్చిరాములు మీద పడింది. కోర్టు మానుకుని, నల్లకోటు మీదే పాపను వేసుకుని పరీక్ష జరిగే బడి వరండాలో పచార్లు చేశాడు. పాప కాసేపు ఊరుకుని ఉన్నట్టుండి ఆరున్నొక్క రాగం అందుకుంది. లోపలినుంచి తారాబాయితోపాటు కాపలా కాస్తున్న పంతులుగారు ఉరుముతూ వచ్చారు.

"ఏందండీ గీ లొల్లి! ఊకోవెట్టుండ్రి!"

"జర ఆగుండ్రి సార్" అన్నాడు బుచ్చిరాములు, పాప మొహంలోకి శ్రద్ధగా చూస్తూ. "పాప ఏదో చెప్తున్నది."