ఊరబెట్టిన యుద్ధం

తెలివితక్కువతనంలోనూ రకాలుంటాయి. నాది అనుమానం వేషం వేసుకుని తిరిగే రకం. అనుమానం ముందు పుట్టి నేను తర్వాత పుట్టానని ఇబ్రహీంపట్నంలో అనుకునేవారు. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూసేవాణ్ని. అంగట్లో తరాజు పళ్లెం అడుగున చింతపండు ఉండ అంటించారేమోనని నేలకు వంగి చూసేవాణ్ని. ఇంత జాగ్రత్తపరుడు, ఎవరైనా కత్తి చూపించి "బర్మా" అనగానే పొట్టేలులా మెడ చాపేవాడంటే మీరు నమ్మరు. నన్ను కన్న మా బాపు అయితే వెంటనే నమ్మేవాడు.

పెద్ద యుద్ధం ముగిసిన మరుసటేడు నాకీ యుద్ధపు కత్తుల పిచ్చి పట్టింది. నేను యుద్ధం చూసినవాణ్ని కాను. నాకు తెలిసిన దూరదేశం పట్నం, అంటే హైదరాబాదు. అది కూడా కచ్చడం బండిలో కాళ్లు ముడుచుకుని పోయినదే. యుద్ధానికి పోలేనివాడు యుద్ధాన్నే ఇంటికి తెచ్చుకుందామనుకున్నాడని అర్థం చేసుకోండి. పట్నంలో పాతసామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌లో మొదటిసారి ఒక సిపాయి కత్తి నా ముందుకొచ్చింది. అది తళతళలాడుతుండేసరికి దొంగసరుకని తేల్చేసి వదిలేశాను. నాకొక సిద్ధాంతం ఉండేది: మెరిసేది మోసం, తుప్పు పట్టింది నిజం. తుప్పులో తప్పుండదని గట్టి నమ్మకం.

ఈ సిద్ధాంతాన్ని ఎక్కడో నోరు జారి చెప్పాను. అది ఫౌజీ అన్న చెవిన పడింది.

ఫౌజీ అన్న మా వాడకట్టువాడే, వరసకు అన్న. పల్టన్‌లో వంటవాడిగా బర్మా యుద్ధానికి పోయి క్షేమంగా తిరిగొచ్చాడు. వచ్చినప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక దగ్గు, లెక్కలేనన్ని కతలు తెచ్చుకున్నాడు. కొన్నాళ్లకు కత్తులు కూడా తేవడం మొదలుపెట్టాడు. తన తోటి సిపాయిలు ఒక్కొక్కరే అమ్ముకుంటున్నారని చెప్పేవాడు. అడవిలో తీగలు నరికేదొకటి, కందకాల్లో పొడిచేదొకటి, మడిచి జేబులో పెట్టుకునేదొకటి. కత్తికో కత ఉండేది. రెంటిలో కతకే పదునెక్కువ. అన్నీ చక్కగా, నా సిద్ధాంతానికి కొలిచి కుట్టినట్టు తుప్పు పట్టి ఉండేవి. పిడి దగ్గర ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఉండేవి. ఉర్దూ బడిలో చదివిన నాకు అవి అక్షింతల్లా పవిత్రంగా కనిపించేవి. ఒకదానికి జొన్నలు కొలిచాను, ఇంకోదానికి గొర్రెపిల్లనిచ్చాను.

ఏ కత్తినీ ఆయన నా చేతికిచ్చేవాడు కాదు. మా దగ్గర కత్తీ ఉప్పూ మిరపకాయా చేతి నుంచి చేతికి ఇచ్చుకోరు. ఇస్తే ఇద్దరికీ కొట్లాట తప్పదంటారు. ఆయన ఆ పట్టింపులో మహా గట్టివాడు. కత్తిని నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగేవాడు. నేను వంగి ఎత్తుకునేవాణ్ని. యుద్ధం చూసొచ్చినవాడికి కూడా ఎంత భయభక్తులని ముచ్చటపడ్డాను.

దసరా దగ్గర పడుతుండగా ఆయన ఒక పెద్ద కత్తి తెచ్చాడు. జపాను దొర నడుముది అన్నాడు. దానికి బదులు జొన్నలొద్దట, గొర్రె వద్దట, మా తాత జంబియా కావాలట. జంబియా అంటే వంకీ తిరిగిన చిన్న బాకు, మా తాత నడుం దట్టీలో ఉండేదట. ఏడాదంతా సందుగలో పడుకుని, దసరా ఆయుధపూజకు మాత్రం బయటికొచ్చేది. నాగలి కంటే, గొడ్డలి కంటే ముందు బాపు దానికే పసుపు పెట్టేవాడు. "తాత కూసున్నడు, ఇగ మిగిలినోళ్లు కూసోన్రి" అని కొడవళ్లను వరస పేర్చేవాడు. అట్లాంటి తాతను నేను సందుగలోంచి తీసి ఫౌజీ అన్న వాకిట్లో కూర్చోబెట్టి వచ్చాను.

ఇల్లు చేరగానే నా అనుమానం, అలవాటు ప్రకారం పని అయిపోయాక, నిద్రలేచింది. జపాను కత్తిని ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన. పాత కత్తులు తీసి చూశాను, అన్నిటిదీ అదే వాసన. మా ఇంట్లో పచ్చిపులుసు చేసిన రోజు వచ్చే వాసన. బర్మాలో చింతచెట్లుంటాయా? ఉండొచ్చు. కానీ కత్తులకేం పని వాటితో? గోరుతో గీకితే తుప్పు పొట్టులా రాలి, కింద కొత్త ఇనుము నన్ను చూసి నవ్వింది.

మర్నాడు ఫౌజీ అన్న ఇంటికి పోయాను. ఆయన లేడు. వదినె వాకిట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. ఇంకేమైనా కత్తులొచ్చాయా అని ఏమీ ఎరగనట్టు అడిగాను.

"వచ్చినయి గని ఇంక ఊరలే మరిదీ," అంది తల ఎత్తకుండా. "పండుగైనంక రా."

గోడవార మట్టి గోలెం ఉంది. మూత తీసి చూశాను. ఉప్పేసిన చింతపులుసులో నాలుగైదు బర్మా కత్తులు మామిడి తొక్కులా మునిగి ఉన్నాయి. అన్న పట్నం నుంచి పాత మోటార్ల కమాను పట్టీలు తెస్తాడని, కమ్మరితో కొట్టిస్తాడని, ఊరేసే పని మాత్రం తనదేనని వదినె దాచకుండా చెప్పింది. నాకు తెలిసే కొంటున్నాననుకుందట. "తుప్పు పట్టిందే కావాలన్నవట గదా. ఎవని రుచి వానిది అనుకున్న." ఆమె ఉల్లిగడ్డ కోస్తున్న కత్తి మెరిసిపోతోంది. అది పల్టన్‌లో ఇచ్చిందట, రోజూ వాడుతుంది కనుక తుప్పు పట్టే తీరిక దానికి లేదట. ఆ ఇంట్లో నిజంగా యుద్ధం చూసిన కత్తి అదొక్కటే.

సాయంత్రం ఫౌజీ అన్నను పట్టుకున్నాను. జంబియా ఇచ్చెయ్యి, మిగతావన్నీ నా ఖర్మ అనుకుంటానన్నాను. దసరాకు అది కనబడకపోతే బాపుకు నా ముఖమెట్లా చూపించాలన్నాను. ఆయన చుట్ట పక్కకు తీసి తాపీగా అడిగాడు.

"నేను ఏ కత్తన్న నీ చేతికిచ్చిన్నా తమ్మీ?"

"లే."

"కింద పెట్టిన. నువ్వే ఎత్తుకున్నవ్. నేనిచ్చింది ఏం లేకపాయె, ఇగ వాపసు ఎట్ల తీసుకోవాలె?"

ఉత్త చేతులతో తిరిగొచ్చాను. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, ఆ వెనక్కి జరిగిన రెండడుగులు దేనికో.

పండుగ దాకా బాపు సందుగ వైపు నడిస్తే చాలు, నాకు దాహం వేసేది. ఆయుధపూజ పొద్దున ఇంక ఆగలేక జపాను దొరను తువ్వాలలో చుట్టుకుని మళ్లీ ఆ గడప తొక్కాను. ఫౌజీ అన్న పండుగకు యాటపోతును తేవడానికి యాచారం వైపు పోయాడు. వదినె ఇంట్లో ఇనుమంతా కడిగి, పసుపు కుంకుమ పెడుతోంది. గడ్డపార పక్కన, చీపురుకట్టకు ఇవతల, మా తాత.

ఆమె నన్ను చూసింది, జంబియాను చూసింది. "పొద్దటిసంది గిదే ఫికర్ మరిదీ. ఒకరింటి తాతకు నా ఇంట్ల పసుపు పెట్టినంక గాయన ఊకుంటడా? మీదికొచ్చి కూసోడా?" అంటూ జంబియాను తెచ్చి నా కాళ్ల ముందు నేల మీద పెట్టి, సరిగ్గా రెండడుగులు వెనక్కి జరిగింది. "నేనియ్యలే. నువ్వే ఎత్తుకున్నవ్."

జపాను దొరను గడ్డపార పక్కన పడుకోబెట్టి, తాతను చంకలో పెట్టుకుని పరుగెత్తాను.

సందుగ మూత వేస్తుండగానే బాపు వచ్చాడు. జంబియాను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి ముందుగాల పసుపెవలు పెట్టిన్రు?" అన్నాడు. నేనే పెట్టానన్నాను. బాపు నా ముఖంలోకి చూశాడు. అనుమానం నాకు ఎవరి నుంచి వచ్చిందో ఆ చూపులో తెలిసింది. "మంచిగ పెట్టినవ్. ఆడోళ్ల చెయ్యి పెట్టినట్టే ఉన్నది," అని తాతను పీట మీద కూర్చోబెట్టాడు.

సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర ఊరంతా చేరింది. మా దగ్గర దసరానాడు జమ్మి ఆకే బంగారం. ఒకరి చేతిలో ఒకరు పెట్టి, కౌగిలించుకుని అలాయిబలాయి తీసుకోవాలి. పగవాడిచ్చినా కాదనకూడదు, చేతిలో పడ్డ బంగారాన్ని నేల జార్చకూడదు. ఫౌజీ అన్న నన్ను దూరం నుంచే చూసి, పొద్దున జరిగింది తెలిసినట్టు ఒక నవ్వు నవ్వి, చేయి చాపుకుంటూ వచ్చాడు. నేను గుప్పెడు జమ్మి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు నేనే మూసి, గట్టిగా కౌగిలించుకున్నాను.

"బంగారం జర బరువున్నదేంది తమ్మీ?" అన్నాడు నా భుజం మీది నుంచి.

"బర్మాది అన్నా."

ఆయన గుప్పిట విప్పాడు. ఆకుల మధ్య, ఆయన నాకు గొర్రెపిల్లకు అమ్మిన మడతకత్తి ఉంది. పారేద్దామంటే బంగారం, పట్టుకుందామంటే కత్తి. చుట్టూ ఊరి పెద్దలు.

"కింద పెట్టి ఇస్తే ఏంబోయెరా," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇగో, ఈసారి చేతికే ఇచ్చిన," అని రెండడుగులు వెనక్కి జరిగాను.