తొమ్మిదో తరగతిలో ఫ్రాన్స్ రాణి

మా చిన్నప్పుడు ఫ్రాన్స్ రాణి వేషం నాకే రావాలి... రాలేదు. ఇన్నేళ్లయినా ఆ కడుపుమంట చల్లారలేదు, అందుకే ఈ పోస్టు.

ఆకివీడులో తొమ్మిదో తరగతి చదువుతున్న రోజులవి. ఫ్రెంచి విప్లవం పాఠం మాలో ఎవరికీ బుర్రకెక్కడం లేదు. సోషల్ మాస్టారు ఓ రోజు విసుగొచ్చి పుస్తకం మూసేశారు. "ఇది బట్టీపడితే రాదర్రా... ఆడితే వస్తుంది. స్కూల్ డేకి నాటకం వేద్దాం" అన్నారు.

క్లాసులో ఫస్టు నేను. పాఠమంతా సంవత్సరాలతో సహా అప్పజెప్పగలను. మా నాన్నగారు మండలాఫీసులో గుమాస్తా కాబట్టి కాస్త టెక్కు కూడా ఉండేది. రాణిని నేనేనని ఇంట్లో ముందే చెప్పేశాను.

మాస్టారు మాత్రం సునీతని పిలిచారు...

సునీతది నా పక్క బెంచీ. వాళ్ల నాన్న చేపల చెరువుకి కాపలా. దానికి పాఠంలో రెండు ముక్కలు కూడా సరిగ్గా రావు. కానీ చర్చిలో ఏటా క్రిస్మస్ నాటకం వేసి వేసి స్టేజి అంటే బెరుకు పోయింది. ఆ చర్చి పెట్టెలోంచే హేరోదు రాజు అంగీ, జ్ఞానుల కిరీటం పట్టుకొచ్చింది. అంగీ ఫ్రాన్స్ రాజుకి, కిరీటం తనకి. పైగా వాళ్లమ్మ పెళ్లినాటి తెల్లచీర!

నాకేమో వెలిసిపోయిన లంగా, చిరుగుల ఓణీ. రొట్టె కోసం కోట మీదికి నడిచొచ్చిన ఆడవాళ్ల గుంపులో ముందు నిలబడే మనిషిని. ఒకే ఒక్క మాట... "రొట్టె ఇవ్వండి!"

ఆ రొట్టెతో ఇంకో తంటా. మాకు రొట్టె అంటే జ్వరమొచ్చినప్పుడు పాలలో ముంచుకు తినేది. "రొట్టె కోసం రాజు మీదికి వెళ్తారా అండీ?" అని అడిగాం. మాస్టారు నవ్వారు. "నోటితో రొట్టె అనండి... మనసులో బియ్యం అనుకోండి."

రిహార్సల్స్ జరిగిన నెలరోజులూ నేను కుళ్లిపోయాను. సునీత కిరీటం సర్దుకుంటే కుళ్లు. మాస్టారు సరదాగా దాన్ని "రాణీగారూ" అంటే మరీ కుళ్లు.

స్కూల్ డే వచ్చింది. తెర లేవగానే హేరోదు అంగీని గుర్తుపట్టి వెనక వరసలోంచి ఒకావిడ "బాలయేసు ఏరండీ?" అని అడిగింది. అందరూ ఘొల్లున నవ్వారు.

నా వంతు వచ్చింది. ఎదురుగా తెల్లచీరలో సునీత... నిజంగా రాణిలాగే ఉంది. అంతే, నాకు రొట్టె మాటే గుర్తు రాలేదు.

"మా ఇళ్లల్లో బియ్యం గింజ లేదు, నీకు కిరీటమా? తియ్యవే!" అని అరిచి దాని తలమీంచి కిరీటం లాగేశాను. నాటకంలో అది లేదు. పిన్నుకి చిక్కుకుని నాలుగు వెంట్రుకలు కూడా ఊడొచ్చాయి. జనం ఒకటే ఈలలు, చప్పట్లు.

సునీత ఏడవలేదు. చెదిరిన జుట్టుతోనే నాకు చేతులు జోడించి, "తీసుకోండమ్మా... ముందే అడిగితే ఇచ్చేదాన్ని కదండీ" అంది.

మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా కోసం కాదు... రాణి కోసం!

మర్నాడు క్లాసులో మాస్టారు, "ఆకలేసిన వాళ్లది తప్పా, తల వంచిన రాణిది తప్పా?" అని అడిగారు. గంట కొట్టినా మా వాదన ఆగలేదు. ఆ ఏడు పరీక్షలో ఫ్రెంచి విప్లవం ప్రశ్న వదిలేసిన వాళ్లు లేరు. నేను మాత్రం సునీతకి సారీ చెప్పలేదు.

ఇప్పుడది తాడేపల్లిగూడెంలో సోషల్ టీచరు. ఏటా పిల్లల చేత యూరప్ చరిత్రని నాటకాలాడించి ఫొటోలు పెడుతుంది. క్లాసు ఫస్టు వచ్చిన నేను ఏలూరులో ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని చూసి కుళ్లుకుంటాను.

మా అమ్మాయి అదే విప్లవాన్ని ఫోన్లో సిరీస్‌గా చూస్తుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. కోటలో గదులతో సహా అన్నీ తెలుసు. పాపం, పోట్లాడడానికి పక్కన ఎవరూ లేరు...

మొన్న సునీత ఫోన్ చేసింది.

"ఏమే, మా పిల్లలు మరీ మర్యాదగా రొట్టె అడుగుతున్నారే. నువ్వొచ్చి ఒక్కసారి అరిచి చూపించవే."

"నాకు నటన రాదే" అన్నాను.

"తెలుసే. ఆ రోజే తెలుసు" అంది.

కోపం లేకుండా ఆ మాట అనగలిగినందుకు కూడా దాని మీద కుళ్లే వచ్చింది.

శనివారం వెళ్తున్నాను. సారీ చెప్పడానికి... మీకు రావాల్సిన వేషం ఎవరు కొట్టేశారండీ? వాళ్ల నంబరు ఇంకా ఉందా మీ దగ్గర?