ఆ పద్దెనిమిదో చుట్టు

ఒక మాట ఎన్నో ఏళ్ళుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నాడు, ఆయనకు చెప్పే దమ్ము నాకు లేదు. ఇది పిరికివాడి ఒప్పుకోలు. చదివి నా మీద జాలి మాత్రం పడకండి, జాలి పడితే ఇంకా అసహ్యంగా ఉంటుంది.

నేను ఎవర్నీ చంపలేదు, ఎవరి ఇల్లూ దోచలేదు. పనిమంతుడైన ఒక మనిషికి తన చేతుల మీద ఉన్న నమ్మకాన్ని పోగొట్టాను. అంగుళం కూడా లేని రాగితీగ ముక్కతో.

ఆయన పేరు యాదగిరి. యాకుత్‌పురా స్టేషన్ నుంచి మా గల్లీకి వచ్చే దారిలో ఆయన మోటారు వైండింగ్ దుకాణం. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు కాలిపోతే పాత తీగ తీసి కొత్తది చుట్టి ఇస్తాడు. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్, ఇద్దరూ ఒకే హోటల్లో చాయ్ తాగేవాళ్ళు. నాకు టంకం పెట్టడం నేర్పింది యాదగిరన్నే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి అని చెప్పడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

ఆయనకొక అలవాటు. వేరే దుకాణాల్లో కాలిన తీగను ఉలితో కోసి లాగి పారేస్తారు. ఆయన అలా కాదు. ఒక్కో చుట్టే విప్పుతూ పైకి లెక్కపెడతాడు. పని నేర్పిన ఉస్తాద్ ఉర్దూలో లెక్కపెట్టేవాడట, ఈయనకూ అదే అబ్బింది. ఏక్, దో, తీన్... ఆ లెక్క మధ్యలో ఎవరు సలాం కొట్టినా పలకడు. గల్లీ మొత్తానికి ఆ సంగతి తెలుసు, ఆఖరి అంకె చెప్పేదాకా ఆగి అప్పుడు పలకరిస్తారు. కొత్త తీగ చుట్టేటప్పుడూ అంతే. లెక్క చూపించే మిషను కొనుక్కోరాదా అని ఎవరైనా అంటే నవ్వేవాడు. "నేను మర్చిపోయినా నా చెయ్యి మర్వది" అనేవాడు. అది గొప్ప చెప్పుకోవడం కాదు. నిజంగానే ఆయన చెయ్యి మరిచిపోయేది కాదు.

అప్పుడు రెండువేల నాలుగో ఐదో. నేను ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ని. టెంపరరీ. మా మెకానికల్ విభాగానికి హెడ్ సారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినాయన. ఆయన దగ్గర రిమోటుతో ఎగిరే మోడల్ హెలికాప్టర్ ఒకటి ఉండేది, మూరెడు పొడవు. దాంట్లో కార్బన్ బ్రష్షుల మోటారు. బరువెక్కువ, బలం తక్కువ. మోకాలెత్తు లేచి ఆయాసపడి కూలబడేది. బ్రష్షులు లేని తేలికపాటి మోటార్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, విదేశం నుంచి తెప్పించుకోవాలి. నేను ఊరుకోవచ్చుగా? "మా యాకుత్‌పురాలో మనిషున్నాడు సార్, చేయిస్తాను" అని కోతలు కోశాను.

కోఠిలో పాత కంప్యూటర్ సామాను అమ్మేవాడి దగ్గర సీడీ డ్రైవ్ ఒకటి కొన్నాను. దాన్ని తిప్పే చిన్న మోటారుకు కూడా బ్రష్షులుండవు. వెంట్రుకలాంటి తీగ తీసేసి మందం తీగ చుట్టి, బలమైన అయస్కాంతాలు అతికిస్తే హెలికాప్టర్‌ను లేపగలదు. యాదగిరన్న దాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. తొమ్మిది పళ్ళున్న ఇనుప చక్రం, ఒక్కో పన్ను వేలిగోరంత కూడా లేదు. మూడు రోజులు పట్టింది. చేతికిచ్చినప్పుడు మోటారంతా కలిపి రెండు ఐదు రూపాయల బిళ్ళలంత బరువుంది. పన్నుకు పద్దెనిమిది చుట్లు చొప్పున, రెండు సెల్లుల బ్యాటరీకి సరిపోయేటట్టు చుట్టానన్నాడు. మూడు సెల్లులది పెడితే మస్తు లేస్తది గానీ కాలుతదన్నాడు. రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తలూపాను.

పరీక్ష రోజు పొద్దున కాలేజీ గ్రౌండులో నా జీవితంలో అంత సంతోషం మళ్ళీ రాలేదు. రెండు సెల్లులతోనే హెలికాప్టర్ ఛాతీ ఎత్తు లేచి గాలిలో నిలబడింది. రొద లేదు, వణుకు లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. సారు మాత్రం జేబులో చేతులు పెట్టుకుని, "అంతేనా? ఇంకాస్త పైకి పోదా?" అన్నాడు.

మూడు సెల్లుల బ్యాటరీ నా సంచిలో ఉంది. ఎందుకుంది? ఈ ప్రశ్న నన్ను నేను వందసార్లు అడిగాను. పొరపాటున వేసుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. పొరపాటు కాదు. సారు కళ్ళల్లో పడాలని ముందే ఉంది నాకు. ఛార్జి అయిపోయిందని చెప్పి బ్యాటరీ మార్చాను. హెలికాప్టర్ రెండో అంతస్తు దాటి లేచింది. ఆ తర్వాత దాని చప్పుడు మారింది, సన్నగా పొగ వచ్చింది, తిన్నగా వచ్చి సిమెంటు గచ్చు మీద పడింది. కాలిన వార్నిష్ వాసన.

"ఏమైందయ్యా?" అన్నాడు సారు.

"వైండింగ్ లోపం సార్."

ఆలోచించి అన్న మాట కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నోటికి దానంతటదే వచ్చింది. సారు పెదవి విరిచి, "పాతబస్తీ పనితనమంటే అంతేలే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ బస్తీలో పుట్టి, ఆ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, పళ్ళికిలించాను. 

అక్కడితో ఆగినా బాగుండేది. సారు ఆగలేదు. "రేపాయన్ని తీసుకురా. విప్పి చూస్తే తప్పెవరిదో తేలిపోతుంది" అంటూ నా వైపు ఒక చూపు చూశాడు. ఆ నెలలోనే నన్ను పర్మనెంట్ చేసే కాగితం ఆయన బల్ల మీద ఉంది. యాదగిరన్న వస్తాడు, అలవాటు ప్రకారం విప్పుతాడు, లెక్కపెడతాడు. అన్నీ సరిగ్గా ఉంటాయి. అప్పుడు అందరూ బ్యాటరీ సంగతి అడుగుతారు.

ఆ సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, ఇంట్లో తలుపు వేసుకుని, సంచిలో తెచ్చుకున్న మోటారు ముందు పెట్టుకున్నాను. ఆఖరి పన్ను దగ్గర తీగ కొస టంకం ఊడదీశాను. ఒక్క చుట్టు విప్పాను. అంతమేర కత్తిరించి మళ్ళీ టంకం పెట్టాను. పైన కాస్త మసి రాశాను. చేతులు వణికాయని రాస్తే బాగుండేది. వణకలేదు. ఆ టంకం ఎంత శుభ్రంగా కుదిరిందంటే, ఆయన చూస్తే మెచ్చుకునేవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని వింటాం. నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, ఒక వాసం ఊడబీకాను. రాగి ముక్కను మోరీలో పడేసి చేతులు కడుక్కుని అన్నం తిన్నాను. బాగానే తిన్నాను.

మరునాడు యాదగిరన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి వచ్చాడు. ల్యాబులో బల్ల ముందు కూర్చుని విప్పడం మొదలుపెట్టాడు. ఏక్, దో, తీన్... అఠారా. పద్దెనిమిది, ఒక పన్ను అయింది. మళ్ళీ అఠారా. మళ్ళీ అఠారా. ఎనిమిది పళ్ళు అయ్యేసరికి ఆయన మొహంలో ధీమా కనబడింది. తొమ్మిదోది విప్పాడు.

"సత్రా..."

ఆయన వేలు ఇంకో చుట్టు కోసం తడిమింది. లేదు. విప్పిన తీగను బల్ల మీద పరిచి, దాని వంకరల మీద గోరు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు. పదిహేడే.

"ఒక చుట్టు తక్కువున్నది సార్."

"దానివల్లే కాలిందంటావా?"

"ఒక్క చుట్టుకు కాలదు సార్." ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "గానీ లెక్క తప్పినోడు ఇంకేం తప్పిండో ఎవరికెరుక? తీగె ఎక్కడన్న గీరుకపోయిందేమో, నాకు కనవడలేదేమో." తర్వాత నా వైపు తిరిగాడు. "బ్యాటరీ రెండు సెల్లులదే పెట్టినవ్ గదా తమ్మీ?"

"రెండు సెల్లులదే అన్నా."

"మరింకేంది. తప్పు నాదే."

నన్ను అనుమానించి అడగలేదు. అడగాల్సినవన్నీ అడగడం ఆయన పద్ధతి. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన ఒక్కటే మాటన్నాడు: "సారు నీ మీద గుస్సా అయిండా? నీ నౌకరీకి ఏం గాదు గదా?" నా నౌకరీ ఫికర్ ఆయనకు! ఏం కాదన్నాను. నిజంగానే ఏం కాలేదు. ఆ నెలే పర్మనెంట్ అయింది. స్వీట్లు పంచాను, ఆయన ఇంటికీ ఒక డబ్బా ఇచ్చాను. ఇంతకంటే రోత ఇంకేముంటుంది?

తర్వాత ఆయన చుట్టడం మానేశాడు. బేరింగులు మార్చేవాడు, కండెన్సర్లు మార్చేవాడు, తీగ చుట్టే పని వస్తే వేరే దుకాణానికి పంపేవాడు. కళ్ళద్దాలు రెండుసార్లు మార్పించుకున్నాడు. కూరగాయలు తెస్తే టమాటాలు కూడా రెండేసిసార్లు లెక్కపెడుతున్నాడని వదిన నవ్వుతూ చెప్పింది. ఆమెకు నవ్వుగానే ఉంది పాపం. నేను ఆ దారి మానేసి వెనక గల్లీ నుంచి ఇంటికి పోవడం అలవాటు చేసుకున్నాను.

ఇన్నేళ్ళ తర్వాత, పోయినేడు ఆయనే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చుట్టక చెయ్యి గుంజుతోందన్నాడు. "నేను చుడ్త, నువ్వు పక్కన కూసోని లెక్కవెట్టు తమ్మీ. నీ లెక్క మీద నాకు భరోసా" అన్నాడు. మిషను కొనుక్కోమన్నాను. "మిషన్ తప్పు చెప్తే దాన్ని పట్టుకొని అడుగుతమా?" అన్నాడు. పట్టుకుని అడగగలిగే మనిషి కావాలట ఆయనకు. అందుకు నన్ను ఎంచుకున్నాడు.

వెళ్ళాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ఆయన సీలింగ్ ఫ్యాన్లు చుడతాడు, నేను స్టూలు మీద కూర్చుని లెక్కపెడతాను. ఒక్కో తీగచుట్ట పూర్తయ్యాక నా మొహంలోకి చూస్తాడు, "సరిపోయింది అన్నా" అంటాను. అప్పుడు గాని తీగ తెంపడు. మా ఆవిడ దీన్ని స్నేహం అంటుంది. గల్లీలో వాళ్ళు పెద్దమనిషికి ఎంత ఆసరా అయ్యావురా అంటారు. నేను కాదనను.

మొన్నటి ఆదివారం నాకు మధ్యలో ధ్యాస తప్పింది. లెక్క పోయింది. ఎక్కడున్నానో తెలియదు. అదే సమయానికి ఆయన చెయ్యి ఆగింది. పెదవుల మధ్య, తనకు తానే అన్నట్టు, "తీన్‌సౌ" అన్నాడు. మూడు వందలు. అంత కావాలి, అంతే అయింది. లెక్క పోయిందన్నా అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "ఒకటి ఎక్కువైంది అన్నా" అన్నాను. ఎందుకన్నాను? లెక్కపెట్టేవాడిగా నా పెద్దరికం నిలబడాలని. అంతకంటే కారణం వెతికాను, దొరకలేదు.

ఆయన నన్ను చూశాడు, తన చేతిని చూసుకున్నాడు. ఒక చుట్టు విప్పేశాడు. సరిగ్గా చుట్టిన చుట్టును, తన చేత్తో తనే. ఆ ఫ్యాను చక్కగా తిరిగింది, ఒక చుట్టుకు దానికేం కాదు. నేను మాత్రం ఇంటికి వచ్చి మోరీ దగ్గర వాంతి చేసుకున్నాను. తర్వాత ఈ కాగితాలు తీసుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆయన్ని అడుగుతానా అంటే, ఇది రాస్తూ కూడా అడుగుతానని గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఒక్కటి మాత్రం ఎక్కడైనా రాసి ఉండాలి. యాదగిరన్న లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఆ చిన్న మోటారులో పద్దెనిమిదికి పద్దెనిమిదీ చుట్టాడు, మొన్న మూడు వందలకు మూడు వందలూ చుట్టాడు. రెండుసార్లూ అబద్ధం నాది. ఇది చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ మాత్రం తేలికవడం చూసినా నాకు అసహ్యంగానే ఉంది. వచ్చే ఆదివారం రెండు ఫ్యాన్లున్నాయట, కొంచెం తొందరగా రమ్మన్నాడు.