మాట పుట్టిన నోరు

బాన్సువాడలో రుఖయ్యా అంటే పడనివాళ్ళు రెండు రకాలు. ఆమె ప్రశ్నకు ఇప్పటికే దొరికినవాళ్ళు, ఎప్పుడు అడుగుతుందోనని భయపడేవాళ్ళు. సైకిల్ షాపు వాళ్ళ అమ్మాయి. ఇంట్లో దక్కనీ మాట్లాడేవారు. తెలుగు మాత్రం తండ్రి గ్రీజు తుడుచుకునే పాత పేపర్లలో అక్షరాలు కూడబలుక్కుంటూ నేర్చుకుంది. పెద్దయ్యాక లోకల్ కేబుల్లో వార్తలు చదివింది. ఒక దసరాకు, ప్రకటన ఇచ్చినవాడి మీద వార్త వద్దన్నారు. ఆమె మైకు బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేసింది. ఇప్పుడు కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతుంది. అప్పుడప్పుడు ఒక చిన్న పేపరుకు రాస్తుంది. శనివారాలు జర్నలిజం క్లాసు.

దిలీప్ ఆ క్లాసులో చేరింది నేర్చుకోవడానికి కాదు, నవ్వుకోవడానికి. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ ఒంటరిగా చదివేసినవాడు. పేపర్లన్నీ అమ్ముడుపోయాయని అతనికి ఇంటర్ నుంచే తెలుసు. అది తెలిశాక ఇంక తెలుసుకోవలసింది ఏదైనా మిగులుతుందని అతననుకోలేదు.

ఆ శనివారం రుఖయ్యా బల్ల మీద నాలుగు పేపర్లు పరిచింది. నాలుగింటిలోనూ ఒకే వార్త, అవే మాటలు. బిచ్కుంద రోడ్డు మీద రాజాబాబు అనే తాపీ మేస్త్రీ బైకు అదుపుతప్పి చనిపోయాడు. మద్యం మత్తే కారణం.

"గీ విలేకర్లు గాడ ఉన్నరా?"

"లేరక్కా. పోలీసుల నోటు చూసి రాసిండ్రు," అంది ముందు బెంచీలో కూర్చున్న హిబా.

"మరి పోలీసులు ఉన్నరా?"

హిబా తల అడ్డంగా ఊపింది.

"తాగిండన్న మాట ఏదో ఒక నోట్ల పుట్టింది కదా. గా నోరు ఎక్కడుందో పట్టుకుందాం. గిదే ఇయ్యాల పాఠం."

దిలీప్ కుర్చీలో వెనక్కి వాలాడు. "తాగి పడ్డోడి మీద పరిశోధనేంది అక్కా? ఏదన్నా పెద్దది పట్టుకుందాం."

"పెద్దదో చిన్నదో వాళ్ళమ్మను అడుగుదాం, లే."

రాజాబాబు తల్లి అరుణమ్మ ఏడవలేదు. గడప మీద కూర్చుని మాట్లాడింది. "కొడుకును దేవుడు తీస్కపోయిండు, ఏం జేస్త. తాగుబోతోడని పేరు వెట్టింది ఎవలు? దేవుడా? నా మనుమరాలిని బడిల తాగుబోతోని బిడ్డ అంటున్నరు. బడికి పోనంటుంది పోరి."

"అవ్వా, తాగుడు అలవాటుందా ఆయనకు?" అడిగింది రుఖయ్యా.

దిలీప్ ఉలిక్కిపడ్డాడు. కొడుకు పోయిన తల్లిని ఎవరైనా అలా అడుగుతారా? అరుణమ్మ మాత్రం తల తిప్పుకోలేదు. "దావత్‌ల, పండుగల తాగుతడు. అబద్ధమెందుకు. గా దినం పనికాడికెళ్ళి వస్తుండె."

దిలీప్‌కు మొదటిసారి ఒక విషయం తట్టింది. తను ఇన్నాళ్ళూ మంచి ప్రశ్నలంటే గట్టిగా అరిచే ప్రశ్నలనుకున్నాడు. ఈమె మెత్తగా అడిగింది. నిజం దానంతటదే వచ్చి పక్కన కూర్చుంది.

కానిస్టేబుల్‌ని అడిగితే, "గాడున్న రైతులు చెప్పిండ్రక్కా, మేం పోయేసరికి దవాఖానకు తీస్కపోయిండ్రు," అన్నాడు. నాలుగు పేపర్ల మాట నోటులోకి, నోటు మాట రైతుల దగ్గరికి వచ్చి ఆగింది. రుఖయ్యా, హిబా, దిలీప్ ఆటో ఎక్కారు.

కోతల కాలం. బిచ్కుంద రోడ్డు సగం వడ్లతో పసుపుపచ్చగా, సగం తారుతో నల్లగా ఉంది. రోడ్డుకు పట్టా ఉండదు గానీ, ఏ ముక్క మీద ఎవరి వడ్లు ఆరతాయో అందరికీ తెలుసు. బండ్లు వడ్లు తొక్కకుండా అంచు పొడవునా రాళ్ళు పెడతారు. వడ్లు ఎత్తాక కూడా ఆ రాళ్ళు తీయరు. తీస్తే రేపు మరొకరు వచ్చి ఆ చోట వడ్లు పోసుకుంటారు.

కానిస్టేబుల్ చెప్పిన గుర్తు దగ్గర, రాజాబాబు పడ్డ చోట ఆటో ఆగితే దిలీప్ దిగడానికి తటపటాయించాడు. ఆ ముక్క అతని పెదనాన్న హరనాథబాబుది. కాలవ నీళ్ళు చూసి కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. పెదనాన్న పార పట్టుకుని వడ్లు తిరగేస్తున్నాడు.

"ఏరా దిలీపూ, కాలేజీ ఎగ్గొట్టి వడ్లు కాయడానికి వచ్చావా?"

రుఖయ్యా ప్రమాదం ఊసెత్తలేదు. తేమ గురించి, మబ్బుల గురించి అడిగింది. మాట్లాడుతూనే వంగి ఒక రాయి ముట్టుకుని వేళ్ళు చూసుకుంది. తెల్లగా సున్నం. దిలీప్ అప్పుడు చూశాడు. రోడ్డు పొడవునా మిగతా రైతుల రాళ్ళన్నీ మట్టిరంగులో ఉన్నాయి. పెదనాన్న రాళ్ళు మాత్రమే తళతళమంటున్నాయి. తారు మీద సున్నపు చుక్కలు ఇంకా చెదరలేదు. చిన్నప్పటి నుంచీ తిరిగే రోడ్డే ఇది. ఆమెకు కనబడింది తనకు కనబడలేదు.

"మంచి పని చేసిండ్రు బాబుగారూ. దూరం నుంచే కనిపిస్తున్నయి. ఎప్పుడు వేయించిండ్రు?"

"మొన్ననే అమ్మా. ఆ కుర్రాడు తగిలి పడ్డాక మనసొప్పక..." ఆయన ఆగిపోయాడు. పార చప్పుడు కూడా ఆగింది.

దొరికాడనుకున్నాడు దిలీప్. అతని జేబులో ఫోను రికార్డు చేస్తోంది. ఆ దొరికినవాడు పెదనాన్న అన్నది ఒక క్షణం ఆలస్యంగా గుర్తొచ్చింది.

"ఫోన్ బయటికి తియ్ బేటా," అంది రుఖయ్యా. ఎప్పుడు చూసిందో! "బాబుగారూ, మీకు చెప్పకుండ ఈ పోరడు మీ మాట రికార్డు చేసిండు. మీ ముంగటనే అది డిలీట్ చేస్తడు."

"అక్కా! ఉన్న సాక్ష్యం అదొక్కటే!"

"తియ్యి."

తీసేశాడు.

"ఇగ మల్ల అడుగుత. నేను పేపర్ల రాస్త. మీ పేరు వస్తది. తెలిసి చెప్పిన మాటే నాకు కావాలె. చెప్పనంటే ఎల్లిపోత."

వలలో పడ్డ చేపను తిరిగి నీళ్ళలో వేసి, ఇష్టమైతే రా అని పిలిచే మనిషిని దిలీప్ ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఇంతవరకూ ధైర్యమని తను అనుకున్నదంతా ఈ మనిషి ముందు పిల్లల గోలలా తోచింది.

హరనాథబాబు తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "పేరు లేకుండా రాయకూడదా?"

"మరి గా పిల్లగాని పేరు రాసిండ్రు కదా."

ఆయన పార మీద ఆనుకున్నాడు. "వాళ్ళమ్మ ఉందా?"

"ఉంది. అరుణమ్మ. మనుమరాలు బడికి పోతలేదట."

"రాసుకోండమ్మా. వడ్లు ఎత్తేశాం, రాళ్ళు ఉంచేశాం. చీకట్లో తగిలాడు. నా ట్రాలీలోనే ఆసుపత్రికి వేసుకెళ్ళాను. పోలీసులు అడిగితే... తాగుంటాడు అన్నాను. తాగాడు అనలేదు."

"వాసన వచ్చిందా?"

"లేదు. వడ్ల వాసన తప్ప ఏ వాసనా లేదు." పార కింద పెట్టేశాడు. "భయమేసి అన్నాను. అదీ రాయండి."

తిరుగు దారిలో రుఖయ్యా రాసింది చదివి వినిపించింది. తాగాడో లేదో ఎవరూ చూడలేదు. తాగాడన్న మాట ఒక ఊహ. రోడ్డు మీద రాళ్ళున్నాయి.

"తాగలేదని రాద్దామక్కా. అవ్వకు కావాల్సింది గదే కదా," అన్నాడు దిలీప్.

"మనం చూసినమా? చూడనిది వాళ్ళు రాసిండ్రనే కదా ఇంత దూరం వచ్చినం."

మరుసటి వారం లోపలి పేజీలో, అడుగున, ఆ వార్త వచ్చింది. పేపరు పట్టుకుని దిలీప్ అరుణమ్మ ఇంటికి వెళ్ళాడు. చదివి వినిపించాడు. ఆమె అంతా విని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచింది.

"నాకెందుకు చదువుతవ్ కొడుకా. నాకు ముందే ఎర్కే. నడువ్."

మనుమరాలి చెయ్యి పట్టుకుని మూలమీది చాయ్ హోటల్ దాకా నడిపించింది. పొద్దున పూట, బెంచీలన్నీ నిండి ఉన్నాయి. "ఇగ ఈడ చదువు," అంది.

దిలీప్ చదివాడు. గ్లాసుల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. పెదనాన్న పేరు దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు తగ్గింది.

"గట్టిగ," అంది అరుణమ్మ.