ఇంటిపేర్లు వేరైతే చాలనుకున్నాం

ఆరు నెలలొచ్చినా మా పాపకు మెడ నిలవలేదు. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులవి. ఘాటుకి ఊరంతా తుమ్ముతుంటే మా పిల్లకు తుమ్మే ఓపిక కూడా లేదు. అమ్మ మాత్రం "మన పిల్లలకి మెడలు ఆలస్యంగానే నిలుస్తాయే" అంటూ నూనె రాస్తూ కూర్చునేది.

చివరికి బ్రాడీపేటలో జన్యు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. "మీది దగ్గర సంబంధమా?" అని అడిగిందావిడ. మా ఆయన ఠక్కున "కాదండీ, ఇంటిపేర్లు వేరు" అన్నాడు. అబద్ధమేం కాదు. మా లెక్కలో నెత్తురు ఇంటిపేరు వెంటే వస్తుంది. పెదనాన్న కొడుకు అన్న, పెళ్ళి మాటెత్తితే చెప్పుతో కొడతారు. మేనమామ కొడుకు బావ, ఉయ్యాల్లో ఉండగానే ఇచ్చేస్తామంటారు. మా అమ్మ తన తమ్ముడి దగ్గర అలాగే మాట తీసుకుంది. "నా పిల్లని నా పుట్టింటికే ఇచ్చా" అని ఊరంతా చెప్పుకుంది.

వరసలన్నీ చెప్పించుకుని, "రక్తానికి ఇంటిపేర్లు తెలియవమ్మా, పెదనాన్న కొడుకు ఎంత దగ్గరో మేనమామ కొడుకూ నీకు అంతే దగ్గర" అంది డాక్టరమ్మ. ఒకే లోపం అమ్మ నుంచి నాకూ, మామయ్య నుంచి మా ఆయనకూ వచ్చిందని పరీక్షల్లో తేలింది. ఒకరి నుంచే వస్తే బిడ్డకేం కాదట. ఇద్దరి నుంచీ వస్తే కండలు చచ్చుబడిపోతాయట.

పాప మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయింది. అమ్మ మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. "అయితే దాన్ని చంపింది నేనేనా?" అందొకరోజు. "ఎవరికి తెలుసత్తా" అని మా ఆయనే సర్దిచెప్పాడు.

మళ్ళీ నెల తప్పాను. ఈ బిడ్డా అలాగే అయితే ఉంచుకోవాలా వద్దా అన్నది ముందే తేల్చుకోమన్నారు. ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా అన్నం సహించలేదు. బిడ్డకు జబ్బు లేదని ఫోన్ వచ్చినప్పుడు అమ్మ పక్కనే ఉంది. చాలాసేపు ఏడ్చింది.

"పెద్దదానికీ అప్పుడే ఈ పరీక్ష చేయించి ఉంటే?" అంది.

"అది పుట్టేదే కాదమ్మా."

కొంగుతో మొహం తుడుచుకుని, "తెలియకపోవడమే మంచిదయిందిలే. నాలుగు రోజులైనా ఎత్తుకున్నాను" అంది.

నా మనసులోనూ అదే ఉంది. పైకి అనడానికి నాకే నోరు రాలేదు.