మా ఊరి ఇసుక కొండ

మొన్న పొద్దున్నే మనవరాలు ఫోనులో ఫొటో పంపింది. విశాఖపట్నంలో తన కుక్కపిల్లను వెంటేసుకుని అరగంటలో ఎక్కి దిగే కొండొకటి దొరికిందట, పైనుంచి సముద్రం కనిపిస్తుందట. ఆ వెంటనే ఫోను చేసి, "మీ కోనసీమలో అన్నీ కొబ్బరితోటలూ కాలవలే కదా అమ్మమ్మా, ఎక్కడానికి ఒక్క కొండైనా లేదు పాపం!" అంది. దానికేం తెలుసు గానీ, నాకు ఒళ్ళు మండిపోయింది. లేకపోవడమేమిటి? ఉండేది. మావాళ్ళే తవ్వి ట్రాక్టర్లకెత్తారు.

రాజోలు దిగువన సముద్రం ఒడ్డు ఊళ్ళలో పెరిగిన నా ఈడువాళ్ళకు ఇసుక మెట్టలంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మా ఊరికీ సముద్రానికీ మధ్య తాటిచెట్టంత ఎత్తున ఒకటుండేది. పెద్దవాళ్ళు మెట్ట అనేవారు, పిల్లలం మాత్రం కొండ అనేవాళ్ళం, అంతకన్నా ఎత్తయినదేదీ మేమెరగం మరి. సాయంత్రమయ్యేసరికి తాతయ్యా, నేనూ, మా కుక్క టైగరూ బయలుదేరేవాళ్ళం. పేరుకే టైగరు, పిల్లి ఎదురైతే నా పరికిణీ వెనక నక్కేది. జీడిమామిడి చెట్ల కిందుగా, మొగలి పొదలు తప్పించుకుంటూ, అడుగేస్తే అరడుగు వెనక్కి జారే ఇసుకలో పావుగంట నడిస్తే పైకి చేరేవాళ్ళం. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొబ్బరి తలలూ, వాటి వెనక మెరుస్తూ గోదావరి పాయ. నాన్న పడవ మా కళ్ళకింకా చుక్కలా ఉండగానే టైగరు పోల్చుకుని, మమ్మల్ని వదిలేసి ఒడ్డుకు ఒకటే పరుగు. తిరిగొచ్చేటప్పుడు మెట్ట మొదట్లో చేత్తో ఇసుక తోడితే చెలమ ఊరేది. ఆ తియ్యటి నీళ్ళు తాగి ఇల్లు చేరేవాళ్ళం.

నా పదేళ్ళప్పుడు పెద్ద తుఫాను వస్తే ఊరు ఊరంతా ఆ మెట్టే ఎక్కింది. గోదావరి పాయ పొంగి ఇళ్ళు ముంచింది గానీ, సముద్రపు కెరటం మాత్రం మెట్టను దాటలేకపోయింది. టైగరు ముందు దారి తీస్తుంటే, ఆ రోజు నన్ను భుజాన వేసుకుని పైకి ఎక్కించినవాడు మా అన్నయ్యే. నా కోపమంతా అక్కడే ఉంది.

నాకు ఆ ఊళ్ళోనే పెళ్ళయి, ఎండుచేపల గంప రాజోలు సంతకు మోస్తున్న రోజుల్లో రొయ్యల చెరువులు మొదలయ్యాయి. గట్లకూ, పల్లపు స్థలాలు మెరక చేయడానికీ ఇసుక కావాలన్నారు. అప్పటికి ఊరి పెద్దయిన అన్నయ్య ఎవరినీ అడక్కుండా తలూపేశాడు. నేను సంత నుంచి వచ్చేసరికి జీడిమామిడి చెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. గంప కింద పారేసి ట్రాక్టరుకు అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకోండమ్మా. పెద్దాయన తవ్వమన్నారండీ, మాదేం లేదండీ," అని డ్రైవరు చేతులు కట్టుకున్నాడు.

అన్నయ్య వచ్చి నా రెక్క పట్టి పక్కకు లాగాడు. "ఇసకే కదే! సముద్రం మళ్ళీ తెచ్చి పోస్తాదిలే, ఇంటికి నడు."

"తుఫాన్లో నన్ను మోసుకెళ్ళింది ఏ ఇసక మీదికన్నయ్యా?" అని ఊరంతా వింటుండగా అడిగాను.

అన్నయ్య కానిమ్మని డ్రైవరుకు చెయ్యూపాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒక్కరూ నా పక్కకు రాలేదు. కొందరి పెరళ్ళు ఆ ఇసుకతోనే మెరకవుతున్నాయి, ఎందుకొస్తారు?

రెండు వేసవుల్లో మెట్ట నేలమట్టమైంది. మరుసటేడు చెలమ నీళ్ళు ఉప్పయ్యాయి. ఆ తరవాతి తుఫాను మునుపటంత పెద్దదేం కాదు, అయినా కెరటం నేరుగా వీధిలోకొచ్చింది. మొదట కూలింది అన్నయ్య ఇల్లే. బడి మేడ మీద తడిబట్టలతో వణుకుతూ కూర్చున్న తోడబుట్టినవాణ్ణి చూసి నాకు జాలి పుట్టలేదు. పుట్టనందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

మంచం పట్టాక ఒకసారి కబురు పంపాడు, మెట్ట ఉన్న చోటికి ఒక్కసారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళమని. చూడ్డానికి అక్కడేముందని వెళ్ళలేదు. నెల తిరక్కుండా పోయాడు. వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళినా తిట్టే ఉండేదాన్ని, కానీ వెళ్ళి ఉండాల్సింది.

ఇప్పుడు ఊరంతా చదునే. రోజంతా రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి కొట్టే ఏరియేటర్ల మోత, తాగే నీళ్ళు టిన్నుల్లో వస్తాయి. నా వీధి అరుగు మీద కుర్చీ వేసుక్కూర్చుంటేనే సముద్రం కనిపిస్తుంది. ఎంత బావుందోనండీ అని పక్కింటి కొత్త కోడలు సంబరపడుతుంటే ఏమని చెప్పను? కుర్చీ లోపలికి జరుపుకుంటాను.